తెలుగు రాని చురుకైన పిల్ల మీ క్లాసులో కూర్చుంటే

దీపావళి దాటిందంటే మా వైపు ఇటుక బట్టీలకు ఒడిశా కూలీలు దిగడం మొదలవుతుంది. బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల వాళ్లే ఎక్కువ. కాంటాబాంజీ స్టేషన్‌లో రైలెక్కి మూటలు, వంట గిన్నెలు, చంకలో పిల్లలతో వస్తారు. బీబీనగర్, పోచంపల్లి, బొమ్మలరామారం చుట్టుపక్కల పనిచేసిన ఏ టీచర్‌నడిగినా ఇది చెబుతారు. డిసెంబర్ వచ్చేసరికి మన బడిలో నలుగురో పదిమందో కొత్త పిల్లలు వెనక వరసలో కూర్చుని ఉంటారు, ఏమీ మాట్లాడరు, అన్నం గంట కొడితే మాత్రం ముందుంటారు. మేలో బట్టీ ఆగగానే వెళ్లిపోతారు. ఆ ఆరు నెలల్లో వాళ్లలో నిజంగా చురుకైన పిల్ల ఉంటే ఎట్లా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక ఏం చేయాలి అన్నది సాటి టీచర్ల కోసం రాస్తున్నాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఉదాహరణలన్నీ లెక్కలవే వస్తాయి, సర్దుకోండి.

ముందు నా తప్పు చెప్తాను. కొన్నేళ్ల కింద కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక చిన్న టెస్టు పెట్టాను, తెలుగు అక్కర్లేకుండా ఉత్త కూడికలు, తీసివేతలు, గుణకారాలు. ఒకమ్మాయికి ఇరవైకి పదకొండు వేశాను. 24 రావాల్సిన చోట 28 రాసింది, 46 దగ్గర 86, 14 దగ్గర 18. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి పేపరు ఇచ్చేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. వారం తర్వాత బట్టీ దగ్గర పిల్లలకు చదువు చెప్పే ఒడియా వాలంటీరు ఏదో పని మీద బడికొచ్చి ఆ పేపరు చూసి, "సార్, ఇది ఎనిమిది కాదు, మా నాలుగు" అన్నాడు. ఒడియా అంకెల్లో నాలుగు చూడ్డానికి దాదాపు మనం రాసే 8 లాగే ఉంటుంది. మిగతావన్నీ ఆ పిల్ల ఇంగ్లీషు అంకెల్లోనే రాసింది, నాలుగు మాత్రం చేతి అలవాటు కొద్దీ ఒడియాలో పడింది. మళ్లీ దిద్దితే ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి.

కాబట్టి మొదటి పని పిల్లల మీద కాదు, మన మీద. ఒడియా అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అట్ట మీద రాయించి గోడకు తగిలించండి. నోటి లెక్క ఏక, దుయి, తిని, చారి, పాంచ అని పోతుంది, వినగానే సగం మనకు తెలిసినవే. ఒక సాయంత్రం పని.

ఎవరి గురించి చెబుతున్నానంటే

నాకు బాగా తెలిసింది బట్టీ పిల్లల గురించి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ చేసే బిహార్ వాళ్ల పిల్లలు, చౌటుప్పల్ కంపెనీల్లో పనిచేసే వాళ్ల పిల్లలు కూడా ఇదే లెక్కలోకి వస్తారు, తేడా ఏంటంటే వాళ్లు ఏడాదంతా ఇక్కడే ఉంటారు కాబట్టి వాళ్లతో ఇంకా ఎక్కువ చేయొచ్చు. హైదరాబాద్ శివార్లలో బాలాపూర్ దగ్గర మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నాయి, వాళ్లు అచ్చంగా శరణార్థులు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, కాబట్టి వాళ్ల చేతిలో ఉండే ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుకు మన ఆఫీసుల్లో ఎంత విలువిస్తారన్నది ఆ ఆఫీసును బట్టి ఉంటుంది. కానీ క్లాసులో కూర్చున్నాక సమస్య అందరిదీ ఒకటే. పిల్లకు తెలివి ఉంది, ఆ తెలివిని బయటపెట్టే భాష మన దగ్గర లేదు.

పాలమూరు టీచర్లకు ఇది తిరగేసి కనిపిస్తుంది. కోయిలకొండ, నారాయణపేట వైపు నుంచి బొంబాయి, పుణె, భివండి పోయి మూడు నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చిన మేస్త్రీల పిల్లలు ఉంటారు కదా, మరాఠీ, హిందీ గడగడా మాట్లాడతారు, తెలుగు చదవమంటే నీళ్లు నములుతారు. వాళ్లను కూడా "మన పిల్లలే కదా, తెలుగు రాకపోవడమేంటి" అని మొద్దుల కింద జమకట్టేస్తాం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి వీళ్ల ఇబ్బంది ఇంకా దాక్కుని ఉంటుంది. కింద చెప్పేవన్నీ వీళ్లకూ వర్తిస్తాయి.

పేరు రాసుకోకుండా ఏదీ మొదలు కాదు

చాలా బడుల్లో ఈ పిల్లల్ని కూర్చోనిస్తారు, అన్నం పెడతారు, రిజిస్టర్‌లో మాత్రం ఎక్కించరు. హెడ్మాస్టర్ భయం నాకు తెలుసు: మధ్యలో వెళ్లిపోతారు, ఏడాది చివరి ఎస్ఏ2 పరీక్ష రాయరు, తర్వాత బడుల ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో డ్రాప్‌బాక్స్, అంటే ఎక్కడ చదువుతున్నారో తెలియని పిల్లల జాబితా, నిండుతుంది, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఫోన్ చేసి అడుగుతాడు. ఆ టెన్షన్ అబద్ధం కాదు. కానీ పేరు లేని పిల్లకు మార్కులుండవు, హాజరుండదు, పోటీ పరీక్షకు పంపే దారుండదు.

2009 విద్యాహక్కు చట్టం ఈ విషయంలో మనవైపే ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల "ప్రతి బాలుడూ, బాలికా" అంటుంది, ఏ రాష్ట్రం అని అడగదు. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే అదనపు శిక్షణ ఇవ్వాలి. ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. పద్నాలుగో సెక్షన్ పుట్టిన తేదీ కాగితం లేదని పంపించొద్దంటుంది, పదిహేనోది గడువు దాటిందని పంపించొద్దంటుంది. ఈ నాలుగు నంబర్లు ఒక చిట్టీ మీద రాసి జేబులో పెట్టుకోండి, వాదన పెట్టుకోవడానికి కాదు, హెడ్మాస్టర్‌కే రేపు పైనుంచి ఎవరన్నా అడిగితే చెప్పుకోవడానికి పనికొస్తాయి. ఒడిశా బడిలో అప్పటికే చదువుతున్న పిల్లకు యూడైస్‌లో శాశ్వత విద్యా నంబర్ ఉంటుంది, పెన్ అంటారు. ఆ ఊరి హెడ్మాస్టర్ ఫోన్ నంబర్ సంపాదించి అది అడిగితే ఆన్‌లైన్ పని సులువవుతుంది. నంబర్ కూలీలను కుదిర్చి తెచ్చే సర్దార్ దగ్గర దొరకచ్చు, లేకపోతే ఊళ్లో ఉన్న తాతయ్యకు ఫోన్ చేయిస్తే ఆయన నడిచెళ్లి కనుక్కుంటాడు.

అన్నిటికంటే పెద్ద అన్యాయం ఒకటుంది, తెలుగు రాదని పదకొండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం. పలక మీద "అ ఆ" దిద్దిస్తూ ఆరు నెలలు పోతాయి. చురుకైన పిల్ల అయితే పది రోజుల్లో బడి మానేస్తుంది, బట్టీ దగ్గర పచ్చి ఇటుకలు తిప్పి ఆరబెట్టే పని అంతకంటే బాగుంటుంది మరి.

ఎట్లా గుర్తుపట్టాలి

తెలుగు ప్రశ్నపత్రంతో గుర్తుపట్టలేం, అది తెలిసిందే. కానీ "భాష అక్కర్లేని పరీక్ష" పెట్టినంత మాత్రాన కూడా సరిపోదు, నా నాలుగు–ఎనిమిది కథ అదే. 1938లో ఇంగ్లండ్‌లో రావెన్ అనే ఆయన తెచ్చిన బొమ్మల పరీక్ష ఉంది, వరసలో ఒక బొమ్మ ఖాళీ వదిలి కింద ఇచ్చిన వాటిలో ఏది అక్కడ సరిపోతుందో అడుగుతుంది. బాగానే ఉంటుంది, కాకపోతే పుస్తకాల్లో బొమ్మలు చూసి అలవాటున్న పిల్లకూ, బొమ్మ అంటే క్యాలెండర్ తప్ప ఎరగని పిల్లకూ అది ఒకేలాంటి పరీక్ష కాదు.

నాకు నచ్చిన దారి వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌కు నాజీల నుంచి బతికి బయటపడ్డ పిల్లలు, ఆ తర్వాత మొరాకో నుంచి వలస వచ్చిన పిల్లలు చేరినప్పుడు మామూలు ఐక్యూ పరీక్షలు వాళ్లలో చాలామందిని మందబుద్ధుల కింద లెక్కగట్టాయి. రూవెన్ ఫాయర్‌స్టైన్ అనే మానసిక శాస్త్రవేత్త ఆ లెక్క ఒప్పుకోలేదు. పిల్లకు ఇప్పుడు ఏం వచ్చో కొలవడం కాదు, నేర్పితే ఎంత తొందరగా అందుకుంటుందో కొలవాలన్నాడు. ముందు పరీక్ష, తర్వాత నేర్పడం, మళ్లీ పరీక్ష. రెండో పరీక్షలో ఎంత ఎత్తు ఎగిరిందో అదే అసలు సంగతి.

దీన్ని అగ్గిపుల్లలతో చేయొచ్చు. నాలుగు పుల్లలతో ఒక చతురస్రం పెట్టండి, దాన్ని ఆనుకుని ఇంకో చతురస్రం పెడితే ఏడు పుల్లలు, మూడోదానికి పది. పది చతురస్రాలకు ఎన్ని అని సైగతో అడగండి. మొదటి రోజు చాలామంది నలభై అంటారు, కొందరు పుల్లలన్నీ పేర్చి ముప్పై ఒకటి అని లెక్కపెడతారు, రెండూ రాసుకోండి. రెండో రోజు ఒక పావుగంట త్రిభుజాల వరసతో నేర్పండి, మూడు, ఐదు, ఏడు, ప్రతిసారీ రెండే ఎందుకు పెరుగుతున్నాయో వేలుపెట్టి చూపించండి. మూడో రోజు పుల్లలు ఇవ్వకుండా షడ్భుజాలు బోర్డు మీద గీసి వదిలేయండి: ఆరు, పదకొండు, పదహారు, పదోది? ఎవరు యాభై ఒకటి అంటారో, ముఖ్యంగా ఎవరు అది చెప్పి వెంటనే "వందకు?" అన్నట్టు మీ మొహంలోకి చూస్తారో వాళ్ల పేరు రాసుకోండి.

పరీక్షల బయట కూడా చూడాలి. అసలు బయటే ఎక్కువ కనిపిస్తుంది. ఆ నాలుగు–ఎనిమిది అమ్మాయి సంగతే చెప్తాను. ఒక ఆదివారం సాయంత్రం బట్టీ దగ్గరికి పోయాను, చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని ఆరిన ఇటుకల పేర్పు పక్కన కూర్చుంది. అడుగున ఇరవై ఇటుకలు, దానిమీద పంతొమ్మిది, ఆపైన పద్దెనిమిది, అట్లా పది వరసలు. ఎన్ని ఉన్నాయని అడిగితే తల కూడా ఎత్తకుండా నూట యాభై ఐదు అంది, హిందీలో. ఎట్లా అని అడిగాను. దుమ్ములో పుల్లతో నిలువు గోడ గీసింది, పది వరసలూ ఇరవై ఇరవై ఉన్నట్టు, అంటే రెండొందలు. తర్వాత పక్కనుంచి మెట్లుమెట్లుగా ఉన్న ఖాళీని అరచేత్తో చెరిపేసింది, నలభై ఐదు. రెండొందల్లో నలభై ఐదు పోతే నూట యాభై ఐదు. మరి అడుగున ముప్పై ఉంటే? మూడొందల్లోంచి అదే నలభై ఐదు. పది వరసలైతే ఖాళీ ఎప్పుడూ నలభై ఐదే, గోడ ఎంత పొడుగున్నా సరే, అది ఆమెకు కంఠస్థం. మనం పదో తరగతిలో అంకశ్రేఢి మొత్తం అని సూత్రం రాయించి, పరీక్షకు వారం ముందు మళ్లీ గుర్తుచేసే పాఠం ఇది. బట్టీలో కూలి వెయ్యి ఇటుకల లెక్కన ఇస్తారు. బట్టీ లెక్కలు రాసే మున్షీ లెక్క తప్పితే ఇంటికి నష్టం, అందుకని వాళ్ల నాన్న లెక్కపెట్టే పని ఆమెకే అప్పజెప్పాడట.

ఇలాంటివి చూడాలంటే పిల్ల చేతిలో పని ఉన్నప్పుడు చూడాలి. ఎవరు నెల తిరక్కుండా తెలుగు పట్టేసి మిగతా పిల్లలకు మీ మాట చెబుతున్నారో చూడండి. ఎవరు కొత్త ఆటకు నియమాలు పెడుతున్నారు, ఎవరు చెడిపోయిన సైకిల్ చైన్ దగ్గర అరగంట కూర్చున్నారు. ఒక్కోసారి బాగా అల్లరి చేసేవాడు కూడా అదే రకం, చెప్పింది అర్థమైపోయి విసుగొచ్చినవాడు. ఆడపిల్లలు మాత్రం కావాలనే దాక్కుంటారు, వాళ్లను వెతకాలి. చంటిపిల్లను ఎత్తుకుని వచ్చిన పిల్లను గేటు దగ్గర ఆపొద్దు, ఆ చంటిదాన్ని కూడా రానివ్వండి, పక్కన అంగన్‌వాడీ ఉంటే అక్కడ కూర్చోబెట్టమని టీచరమ్మను అడగండి.

ఒక జాగ్రత్త. తెలుగు తొందరగా వచ్చిన పిల్లను రోజంతా దుబాసీగా వాడుకోకండి. మనకు సౌకర్యంగా ఉంటుంది, ఆ పిల్ల చదువు మాత్రం అక్కడే ఆగుతుంది.

గుర్తుపట్టాక క్లాసులో

భాష వచ్చాక అసలు చదువు మొదలుపెడదాం అనుకుంటే ఆ రోజు రాదు. కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆయన వలస పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలిన విషయం, ఆటల్లో మాట్లాడుకునే భాష రెండేళ్లలో వస్తుంది, పాఠ్యపుస్తకం భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మన చేతిలో ఉన్నవి ఆరు నెలలు. కాబట్టి భాషా పాఠం ఒక పక్క నడుస్తుంటుంది, కష్టమైన లెక్క ఇంకో పక్క ఈ రోజే ఇవ్వాలి.

ఆ అమ్మాయికి నేను చేసింది చెప్తాను. ఆమె ఐదో తరగతి వయసు, పక్కనే ప్రైమరీ స్కూల్లో పేరుంది. అక్కడి టీచరమ్మతో మాట్లాడుకుని వారంలో మూడు రోజులు లెక్కల పీరియడ్‌కు మా ఎనిమిదో తరగతికి పిలిపించాను. ఆఫీసు ఉత్తర్వు ఏమీ లేదు, ఇద్దరు టీచర్ల ఒప్పందమే. కొత్త లెక్క ఇచ్చే ముందు దానికి కావలసిన మాటలు ఐదో ఆరో బోర్డు మూలన రాసేవాణ్ని: భాగహారం, శేషం, సగం, ఎన్ని రెట్లు, మిగిలింది. పక్కన చిన్న బొమ్మ. ఆమె వాటి పక్కన ఒడియాలో రాసుకునేది. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి కదా, అది ఇక్కడ బాగా కలిసొస్తుంది, అంకెలూ బొమ్మలూ రెండు పేజీల్లో ఒకటే కాబట్టి పిల్ల పోల్చి చూసుకుంటుంది.

ఒడియాను ఆపించొద్దు. ఆలోచన ఏ భాషలో తొందరగా సాగుతుందో ఆ భాషలో రాయనివ్వండి, మీకు చదవరాకపోయినా సరే. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో ఒడిశా పుస్తకాలు దొరుకుతాయి, ఆమె తరగతిది, ఆపై తరగతిది రెండూ ఫోన్లోకి దించుకోండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా ఉంది కానీ దాని మీద మరీ భరోసా పెట్టుకోకండి. పశ్చిమ ఒడిశా పిల్లలు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, ఫోన్ మాట్లాడేది పుస్తకం ఒడియా. మన దగ్గర ఊళ్లో మాట్లాడే తెలుగుకూ రేడియో వార్తల తెలుగుకూ ఉన్నంత దూరం కంటే అది ఎక్కువే. పిల్ల తెల్లమొహం వేస్తే తప్పు ఆ పిల్లది కాదు.

పొద్దున పీరియడ్లో నిద్రపోతే లేపొద్దు. బట్టీల్లో మట్టి పని చాలాచోట్ల తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మొదలవుతుంది, పెద్దవాళ్లు లేస్తే పిల్లలూ లేస్తారు. గట్టి లెక్కలు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇవ్వండి. మన పిల్లలకు అది కునుకు వేళ, వీళ్లకు రోజంతటిలో కడుపు నిండి మెలకువగా ఉండే వేళ అదే.

ఇంకోటి, ఇది నేను కూడా చేసి చేతులు కాల్చుకున్న పని. "చూడండ్రా, ఒడిశా నుంచి వచ్చిన పిల్ల చేసింది, మీరూ ఉన్నారు" అని క్లాసు ముందు అనొద్దు. ఆ రోజు సాయంత్రం ఆ పిల్ల చెప్పులు బావిలో తేలాయి. మెచ్చుకోవాలనుకుంటే నోటుబుక్కులో రాయండి, లేదా ఊరి పిల్లల్లో లెక్కలు బాగా చేసే ఒకణ్ని ఆమెతో జోడీ చేసి ఇద్దరికీ కలిపి ఒక చిక్కు లెక్క ఇవ్వండి. వాడు తెలుగు చదివి వినిపిస్తాడు, ఆమె దారి చూపిస్తుంది, ఒకరి అవసరం ఇంకొకరికి ఉంటే బావి గొడవలుండవు.

అమ్మానాన్నలతో

చట్టం మాట ముందు ఎత్తకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరమే, పిల్లను కొడుతున్నారనో, కుటుంబాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచారనో తెలిస్తే 1098కి ఫోన్ చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మామూలు ఇంటికి పోయి నేరం అని మొదలుపెడితే మర్నాటి నుంచి పిల్ల బడికి రాదు. ఆ ఇంటివాళ్లు నువాఖాయి, అంటే వాళ్ల కొత్త పంట పండగ, వేళకే సర్దార్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటారు, అది తీరేదాకా ప్రతి చెయ్యీ లెక్కే. మొగుడూ పెళ్లామూ ఒక జట్టుగా ఇటుకలు కోస్తుంటే పిల్ల అందించే పని చేస్తుంది.

ఆదివారం సంత రోజు పోండి, ఆ రోజు తిండి ఖర్చు డబ్బులు చేతిలో పడతాయి, కాస్త నిమ్మళంగా ఉంటారు. అమ్మతో మాట్లాడండి. మీ పిల్ల తెలివైనది అనే మాట ఆమె ఎప్పుడూ వినుండదు, అది కూడా ఉత్త మాటగా చెప్పకండి, నోటుబుక్కు తీసి చూపించండి. తండ్రి అడిగేది ఒకటే ప్రశ్న, "చదివితే ఏమొస్తది, ఎప్పుడొస్తది?" దానికి కలెక్టర్ అవుతుంది లాంటి జవాబులొద్దు, ఆయన నవ్వుతాడు. వచ్చే ఏడాదికి ఏం చేయొచ్చో చెప్పండి. ఒడిశా ప్రభుత్వం వలస పోయేవాళ్ల పిల్లల కోసం ఆ జిల్లాల్లోనే సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది, వచ్చే సీజన్లో పిల్లను అక్కడ ఉంచి రావచ్చు. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునే ఆదర్శ విద్యాలయాలు వాళ్ల బ్లాకుల్లో ఉన్నాయి. ఇవి ఆయన ఊరి సంగతులు, ఆయనే ఫోన్ చేసి నిజమో కాదో తేల్చుకోగలడు, అందుకే నమ్ముతాడు.

పరీక్షలు, స్కాలర్‌షిప్‌లు

ఇక్కడ చాలామంది టీచర్లు ఉత్సాహపడి పిల్లతో ఫారం నింపించేసి తర్వాత నాలుక్కరుచుకుంటారు. ముందే చూసుకోండి.

నవోదయ సంగతి తీసుకుంటే ఉమ్మడి నల్గొండలో చలకుర్తిలో, ఉమ్మడి పాలమూరులో వట్టెంలో ఉన్నాయి. పిల్ల ఏ జిల్లాలో ఐదో తరగతి చదువుతుందో ఆ జిల్లాలోనే రాయాలి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ కోటా, ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కో పూర్తి విద్యాసంవత్సరం గ్రామీణ బడిలోనే చదివుండాలి. బట్టీ పిల్ల ప్రతి ఏడూ సగం ఇక్కడ, సగం అక్కడ కాబట్టి ఆ గొలుసు తెగిపోతుంది, కాగితాల్లో హాజరు తెగకుండా రెండు బడులూ కలిసి చూసుకుంటే తప్ప. మిర్యాలగూడ మిల్లు పిల్లలకు, చౌటుప్పల్ పిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ, వాళ్లను మూడో తరగతి నుంచే గమనించి పెట్టుకోండి. పరీక్ష 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు, అందులో సగం ప్రశ్నలు బొమ్మలతో అడిగే మానసిక సామర్థ్యం, అంటే భాష అడ్డు రాని భాగమే పెద్దది.

ఎనిమిదో తరగతిలో ఉంటే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఆదాయ ధ్రువపత్రం, ఒడిశాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లుతాయా లేదా అన్నది ఫారం నింపకముందే ఎంఈఓ ఆఫీసులో అడిగి తేల్చుకోండి. కేంద్రం పిల్లల సైన్స్ ఆలోచనలకు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్‌కు ఆరో తరగతి నుంచి పైవాళ్ల ఆలోచనల్ని బడి తరఫున పంపొచ్చు, ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు పిల్ల బ్యాంకు ఖాతాలోనే పడతాయి, ఖాతా లేకపోతే ఆ పనే ముందు చూడండి. ఇల్లు వదిలి ఉండగలిగే ఆడపిల్ల అయితే మండలంలో కస్తూర్బా బాలికల విద్యాలయం స్పెషల్ ఆఫీసర్‌ను (ఎస్‌ఓ) ఒకసారి కలవండి, బడి మానేసిన పిల్లల కోసమే పుట్టిన బడులవి.

శరణార్థి కార్డున్న పిల్లలకు వీటిలో చాలా తలుపులు మూసే ఉంటాయి. ఇంటర్ దాటి డిగ్రీకి పోయేవాళ్లకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1992 నుంచి ఇస్తున్న డాఫీ స్కాలర్‌షిప్ ఒకటుంది. పదో తరగతిలోనే ఆ పేరు వాళ్ల చెవిన వేయండి.

వెళ్లిపోయే ముందు

మే నెలలో ఒక రోజు చెప్పాపెట్టకుండా గుడిసె ఖాళీ అవుతుంది. మొదటి వానకు బట్టీ తడిస్తే మర్నాడే బండి. పైగా ఏప్రిల్ 23 తర్వాత మనకు సెలవులు. కాబట్టి కాగితాలు మార్చిలోనే సిద్ధం చేయాలి, జూన్‌లో టీసీ ఇద్దామనుకుంటే తీసుకోవడానికి మనిషుండదు.

టీసీ, హాజరు, మార్కులు సరే. వాటితో పాటు ఒక పేజీ ఉత్తరం రాయండి, ఇంగ్లీషులో, ఎందుకంటే మన తెలుగు అక్కడ చదవలేరు. "తెలివైన విద్యార్థిని, మంచి నడవడి" అని రాస్తే చించి పారేసినట్టే. ఏం చేసిందో రాయండి. నేను రాసింది దాదాపు ఇట్లా ఉంటుంది: ఈ పిల్ల వయసు పదకొండు, మా ఎనిమిదో తరగతితో కూర్చుని రేఖీయ సమీకరణాలు చేసింది, వరసల మొత్తాన్ని సొంత పద్ధతిలో కడుతుంది, ఆ పద్ధతి వెనక పేజీలో ఆమె చేత్తోనే ఉంది, తెలుగు చదవడం రెండో తరగతి స్థాయి, ఒడియా నేను కొలవలేదు, దయచేసి ఈమెకు ఏడో తరగతి లెక్కల పుస్తకం ఇవ్వండి, ఏదన్నా అడగాలంటే ఇది నా నంబర్. వెనక పేజీలో ఆ ఇటుకల గోడ బొమ్మ, చెరిపేసిన మూల, నలభై ఐదు. అందులో నాలుగు ఒడియాలోనే ఉంది, దాన్ని మార్చనివ్వలేదు.

ఈ ఉత్తరం ఫొటో తీసి మూడు చోట్లకు పంపండి: అక్కడి హెడ్మాస్టర్ వాట్సాప్‌కు, తండ్రి ఫోన్‌కు, సర్దార్ ఫోన్‌కు కూడా, ఎందుకంటే తండ్రి సిమ్ ఊరెళ్లగానే మారుతుంది, సర్దార్ నంబర్ మారదు. వచ్చే నవంబర్‌లో ఆ కుటుంబం ఏ బట్టీకి పోతుందో చెప్పగలిగేవాడూ ఆయనే. అసలు కాగితం పిల్ల చేతికే ఇవ్వండి, లామినేషన్ చేయించి మరీ. వాళ్లు దిగేసరికి అక్కడ వానలు మొదలవుతాయి, బట్టల మూటలో పెట్టిన కాగితం స్టేషన్ నుంచి ఊరు చేరేలోపే ముద్దవుతుంది.